పళ్ళెం అంచు

నైలాను వల కాలితే ఆ కంపు ముందుగా సైప్రోసా హోటల్లోకే వస్తుంది. సరస్సు మీది గాలికి అదే దారి. ఆ పొద్దున ఆమె కాగుతున్న నూనె బాణలిని దించి పక్కన పెట్టింది. గోనెపట్టా తెరను కిందికి లాగి, సందులోంచి ఒడ్డు వైపు చూసింది.

కాలుతున్నది ముసలి ఒబియెరో వల. తీరం కమిటీ ఛైర్మన్ ఒసేవె చెక్క కొలబద్ద పట్టుకుని మంట పక్కన నిలబడి ఉపన్యాసం ఇస్తున్నాడు. వల కన్ను ఐదంగుళాలు ఉండాలని చట్టం, దీని కన్ను మూడే, ఇలాంటి వలల వల్లే సరస్సు గొడ్డుబోయింది, రేపు మన మనవలకి చేపను బొమ్మలో చూపించాలి. ఇదీ ధోరణి. చుట్టూ చేరిన పడవవాళ్ళు తలలూపుతున్నారు. ఒసేవె పడవలు రెండూ తెల్లారకముందే తెచ్చి దించే చేప అరచేతిని దాటదని ఆ తలలన్నిటికీ తెలుసు. ఆయన వలలు ఒడ్డున ఆరవు. ఇంటి వెనక అరటిచెట్ల మధ్య ఆరుతాయి.

ఒబియెరో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, శవం దగ్గర నిలబడ్డట్టు.

"ఐదంగుళాల వల వేస్తే నీళ్ళే పడతాయి, ఛైర్మన్," అన్నాడు.

ఎవరో నవ్వారు. ఒసేవె కూడా నవ్వి, ముసలాయన భుజం తట్టి, కాలని ముక్కొకటి కాలితో మంటలోకి తోశాడు. సైప్రోసా తెర వదిలేసింది. ఒసేవె మీద ఆమెకి కోపం రాలేదు. కోపం రావాలంటే మనిషంటే కాస్త లెక్క ఉండాలి. తల ఊపిన వాళ్ళని చూసినప్పుడు మాత్రం ఆమెకి నోట్లో ఏదో చేదు ఊరింది. తుపుక్కున బూడిదలో ఊసి, మళ్ళీ బాణలి ఎక్కించింది.

మధ్యాహ్నం ఒసేవె భోజనానికి వచ్చాడు. చేతికి ఇంకా మసి ఉంది. గోడవార బల్ల మీద, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాడు. వరసకు ఆమె భర్తకు తమ్ముడవుతాడు. భర్త పోయిన ఏడాది, అన్న పోతే వదినని తమ్ముడు ఏలుకునే ఆచారం పేరు చెప్పి తన పీట తెచ్చి ఆమె గుమ్మంలో వేశాడు. ఆమె ఆ పీటను సబ్బుతో కడిగి, ఎండబెట్టి, తిరిగి పంపించింది. అప్పటినుంచి మొగుడు కాలేకపోయిన వాడు రోజూ తిండికి వస్తున్నాడు. హోటలు స్థలం కమిటీది. ఏటేటా కాగితం మీద సంతకం ఆయనది.

"వదినా, చూసి పెట్టు," అన్నాడు.

చూసి పెట్టడమంటే అన్నిటికంటే పెద్దది పెట్టడం. ఆమె బుట్టలో వెతికి, వేయించి, టమాటా పులుసులో ఒక పొంగు రానిచ్చి, పళ్ళెంలో పెట్టి, పక్కన మొక్కజొన్న సంకటి ముద్ద వేసి తెచ్చింది. చేప తల ఒక అంచుకి, తోక ఒక అంచుకి తగిలింది. ఆ ఒడ్డున అదే మర్యాద. అంచు అందని చేపను ఆత్మగౌరవం ఉన్నవాడు వెనక్కి తోస్తాడు.

"అంచుకి అంచు," అన్నాడు ఒసేవె తృప్తిగా. "నీ దగ్గర తింటే తిన్నట్టుంటుంది. ఆ రొజలీడా దగ్గర చేప తిన్నానో అప్పడం తిన్నానో తెలీదు."

పక్క హోటలు రొజలీడాది. ఇద్దరి మధ్యా ఒక రేకు గోడ. రొజలీడా ఆమె తోడికోడలు. ఈ మాట గోడ దాటుతుందని ఒసేవెకు తెలుసు. రేపు అక్కడ తింటూ ఇదే మాట తిప్పి చెబుతాడని సైప్రోసాకు తెలుసు. తోడికోడళ్ళిద్దరికీ మాటలు లేక చాలా కాలమైంది.

సాయంత్రం నాలియాకా చేపల మేతకి తవుడు కోసం వచ్చింది. చేపల మీద చదువుకున్న పిల్ల. ఈ ప్రాంతపు మనిషి కాదు, కొండల అవతలినుంచి వచ్చింది. ఒడ్డుకి వెనగ్గా జమ్ము నరికించి రెండు గుంటలు తవ్వించి, వాటికి కంచె వేసి, రోజంతా మోకాలి లోతు నీళ్ళల్లో నిలబడి చేపలు పట్టి, కొలిచి, మళ్ళీ వదులుతుంది. పట్టిన చేపను వదిలే మనిషిని ఆ ఒడ్డు అంతవరకు చూడలేదు. సైప్రోసా ఆమెకి తవుడు అమ్మేది గాని కూర్చోమనేది కాదు.

ఆ రోజు తవుడు కొలుస్తూ, కడుపులో ఉన్న చిరాకు ఎవరి మీదనో ఒకరి మీద వెళ్ళగక్కాలి కాబట్టి, అడిగింది. "ఇంతకీ ఆ చేపలకి అక్షరాలు వచ్చాయా?"

నాలియాకా నవ్వి, పిలవకుండానే గడప మీద కూర్చుంది. చెప్పడానికి మనిషి దొరికితే చాలు ఆమెకి. ఒక గుంటలోవి ఈ సరస్సు చేపలేనట. రెండో గుంటలోవి దూరాన కొండల మధ్య ఒక పాత ఆనకట్ట నీళ్ళల్లోంచి తెచ్చినవట. అక్కడ ఎవరూ వల వెయ్యరు. రెండూ ఒకే జాతి తిలాపియా. ఒకే తవుడు, ఒకే నీళ్ళు, ఎన్ని ఇక్కడో అన్నే అక్కడ. అయినా సరస్సు చేపలు అరచేయంత కాగానే గుడ్లు పెట్టేస్తున్నాయి. ఇక పెరగవు. ఆనకట్ట చేపలు మోచేయంత అయ్యేదాకా ఆ ఊసే ఎత్తవు.

"ఎందుకమ్మా అంటే, ఇక్కడ పెద్దయ్యాక పిల్లల్ని కందామని ఆగినవన్నీ కనకుండానే వలలో పడ్డాయి. తొందరపడినవాటికే పిల్లలు మిగిలారు. ఆ పిల్లలకీ అదే తొందర. ఇప్పుడు అది రక్తంలోకి ఎక్కింది. నువ్వు వల తీసేసినా పోదు, వెంటనే పోదు."

"చిన్నప్పుడే కంటే మాత్రం ఏం? పిల్లలు పిల్లలేగా."

"పిడికెడు కంటాయి. మోచేయంతది ఒక్కటి కనేన్ని వీటిలో పది కలిసి కన్నా రావు. పైగా అన్నీ చిన్నప్పుడే కనేసి నీళ్ళల్లో పురుగుల్లా కిక్కిరిసి ఉంటాయి, తిండి చాలక ఉన్నవీ ఎదగవు. చేప చిన్నదయిందని మనవాళ్ళు వల కన్ను బిగిస్తారు. కన్ను బిగిస్తే చేప ఇంకా తొందరపడుతుంది. దీన్ని అది తిప్పుతుంది, దాన్ని ఇది తిప్పుతుంది."

"ఆ ఐదంగుళాల చట్టం?"

"పెద్దవాటినే ఏరి చంపమని చెప్పే చట్టం అది. రాసినవాళ్ళు మంచికే రాశారు."

సైప్రోసా తవుడు సంచి మూతి కట్టి ముందుకు తోసింది. ఇదంతా తెలిసిన పిల్ల పొద్దున మంట దగ్గర ఎక్కడుందని అడిగింది. నాలియాకా ముఖం దించుకుంది. అక్కడే, జమ్ము పక్కన ఉన్నానంది. గుంటల అనుమతి కాగితం మీద సంతకం కూడా ఒసేవెదేనని, ఇంకా రెండేళ్ళ పని ఉందని చెప్పింది.

"అయితే నువ్వూ తల ఊపావన్నమాట," అంది సైప్రోసా. ఆ పిల్లను కూడా మనసులో మిగతావాళ్ళతో కలిపి పక్కన పడేసి, పొయ్యి ముందుకి తిరిగింది.

కౌంటీ ప్రభుత్వం నుంచి పెద్దాయన వస్తున్నాడన్న వార్త ఆదివారం ప్రార్థన అయ్యాక తెలిసింది. ఒడ్డుకి ఐసు యంత్రం ఇవ్వాలా వద్దా అని చూసిపోవడానికి వస్తున్నాడు. ఐసు ఉంటే చేప చెడదు, చెడకపోతే లారీ వాడు చెప్పిన ధరకి తల ఒగ్గక్కర్లేదు. అందరికీ కావలసిందే అది. భోజనం సైప్రోసా హోటల్లో. ఒసేవె వచ్చి బెంచీలు లెక్కపెట్టి, గోడకి సున్నం వేయించమని చెప్పి, చివరికి అసలు మాట అన్నాడు. మన ఒడ్డు చేప పళ్ళెంలో పట్టదు అని ఆ పెద్దాయనకి ఫోన్లో చెప్పాడట.

"ఏ పళ్ళెంలో?" అంది సైప్రోసా.

"మా పెద్దమ్మ పళ్ళెంలో. నీ దగ్గరుందిగా."

నీలం అంచు ఉన్న పెద్ద కోలపింగాణీ పళ్ళెం అది. అత్తగారు ఇద్దరు కోడళ్ళకీ చెరొకటి ఇచ్చింది. రొజలీడా తన దాన్ని హోటలు గోడకి మేకు కొట్టి అలంకారంగా తగిలించుకుంది. సైప్రోసాది అటక మీద ఎక్కడో ఉంది.

"పళ్ళెం ఉంది. అందులో పెట్టే చేప నీ పడవ తెస్తుందా మరిదీ?"

"చేప సంగతి నాకొదిలెయ్. నువ్వు వండు. వచ్చే నెల స్థలం కాగితాలు మారుస్తున్నాం, మర్చిపోకు."

ఆ మాట బెదిరింపులా కూడా అనలేదు. బెంచీ మీద దుమ్ము దులిపినట్టు అనేసి వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున ఒసేవె పంపిన ఇద్దరు మనుషులు పెద్ద ప్లాస్టిక్ తొట్టె మోసుకొచ్చి వంటింట్లో దించారు. సగానికి నీళ్ళు. అందులో చేప, నల్లగా, వెడల్పుగా, సైప్రోసా మోచేతి కంటే పొడుగ్గా, తొట్టె గోడకి ఆనుకుని కదలకుండా ఉంది. ప్రాణంతో ఉంది. వాళ్ళ వెనకే నాలియాకా. మోకాళ్ళ దాకా బురద.

"నీ గుంటలోదా?"

"అవును."

"తాళం పగలగొట్టారా?"

నాలియాకా చేతుల బురద తుడుచుకుంది. "నేనే పట్టి ఇచ్చాను. నేను పట్టకపోతే వాళ్ళు వల వేసి గుంటంతా కెలికేసేవాళ్ళు. రెండు గుంటలవీ కలిసిపోతే ఇక అంతే. ఇది ఒక్కటీ పోతే..." అని ఆగి, "పరీక్షకి రెక్క అంచు కత్తిరించి దాచుకున్నాను. కొలతలు ఉన్నాయి," అంది.

"కొలతలున్నాయి," అంది సైప్రోసా. అంతకంటే అనడానికి ఆ పిల్ల తగదనిపించింది. కత్తి తీసి రాయి మీద నూరడం మొదలుపెట్టింది. ఎవరెవరివో కొలతలు, సంతకాలు, తల ఊపుళ్ళు అన్నీ కలిపితే వచ్చిన చేప ఇది. వండితే తన స్థలం తనకి ఉంటుంది, ఒడ్డుకి ఐసు వస్తుంది. చేప అన్నాక ఏదో ఒక పొయ్యి ఎక్కుతుంది. ఆమె చీర కొంగులా కట్టుకున్న గుడ్డను నడుముకి దోపి తొట్టె మీదికి వంగింది.

చేప నోరు బిగించుకుని ఉంది. దవడ కింద ఉబ్బుగా ఉంది.

నోట్లో పిల్లలున్నాయని ఆమెకి చూడగానే తెలిసింది. తిలాపియా తల్లి గుడ్లనీ పిల్లల్నీ నోట్లోనే పెట్టుకు పెంచుతుంది. వేలు పెట్టి వాటిని గీకి పారెయ్యడం చేప కడగడంలో ఒక పని, పొలుసు తియ్యడం లాంటిదే. ఎన్ని వేల నోళ్ళు అలా శుభ్రం చేసి ఉంటుందో. అన్నీ చచ్చిన నోళ్ళు.

ఆమె ఊపిరి బిగబట్టి కదలకుండా ఉండేసరికి నీళ్ళు నిలకడగా అయ్యాయి. చేప నోరు కొంచెం తెరిచింది. లోపల్నుంచి మబ్బు ఒకటి బయటికి వచ్చినట్టు పిల్లలు బయటికి వచ్చాయి. అన్నీ కళ్ళే. ఒక తట్ట ఆవాలు నీళ్ళల్లో ఒలకబోసినట్టు తొట్టె అంతా పరుచుకున్నాయి. సరస్సు చేప నోట్లో ఇన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమె కత్తి ఉన్న చెయ్యి కదిలింది. కదిలిన నీడ నీళ్ళ మీద పడిందో లేదో, ఆ మబ్బంతా గిరుక్కున తిరిగి తల్లి నోట్లోకి దూరిపోయింది. నోరు మూసుకుంది. తొట్టెలో చేప ఒక్కటే మిగిలింది.

"ఛీ," అంది సైప్రోసా. ఎవర్ని అన్నదో ఆమెకే తెలియలేదు.

కత్తి పక్కన పెట్టి, పళ్ళెం దించుకుందామని నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది. నీలం అంచు పళ్ళెం అట్టడుగున ఉంది. దాని మీద గోనెగుడ్డ చుట్టి పెట్టిన పాత హోటలు పళ్ళేలు. అన్నిటినీ దించి నేల మీద పరిచింది. అత్తగారి పళ్ళెం. దానిలో ఇమిడేవి, ఆమె హోటలు పెట్టిన కొత్తలో కొన్నవి. వాటిలో ఇమిడేవి, రొజలీడా కిసుము పట్నం వెళ్ళి కాస్త చిన్నవి తెచ్చుకుని, 'చేప పెద్దదిగా కనపడుతోంది' అని జనం అటు పోవడం మొదలుపెట్టిన ఏడాది ఈమె ఇంకాస్త చిన్నవి వెతికి తెచ్చినవి. తర్వాత రొజలీడా మళ్ళీ మార్చింది. ఈమె మళ్ళీ మార్చింది. మోసగత్తె అని ఆ ఏడే తోడికోడలితో మాట మానేసింది. ఇప్పుడు వాడుతున్నది సాసరుకి అక్కలా ఉంటుంది.

బుట్టలోంచి ఆ రోజు సరస్సు చేపల్లో పెద్దదాన్ని తీసి, అత్తగారి పళ్ళెం మధ్యలో పెట్టి చూసింది. అటు అంచుకి జానెడు ఖాళీ, ఇటు అంచుకి జానెడు ఖాళీ.

ఇన్నాళ్ళూ అంచుకి అంచు తగిలించింది తనే. ఒసేవె అబద్ధం ఉపన్యాసంలో ఉంది, ఆ పిల్లది కొలతల్లో ఉంది, తనది పళ్ళెంలో ఉంది. మంట దగ్గర తల ఊపినవాళ్ళ వరసలో తన తల కూడా ఎక్కడో ఊగుతూ కనిపించింది ఆమెకి. ఆ తలని కూడా మిగతావాటికి మల్లేనే ఏవగింపుగా చూసింది.

నాలియాకా ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏడవకు. ఏడుపు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది," అంది సైప్రోసా. "తొట్టె అటు పట్టుకో. వెనక దారిన గుంటకి పోదాం. నీళ్ళు తొణక్కుండా నడు."

అతిథి మధ్యాహ్నం వచ్చాడు. లావుపాటి మనిషి, మర్యాదస్తుడు, చెమట తుడుచుకోవడానికి రెండు చేతిరుమాళ్ళు తెచ్చుకున్నాడు. ఆయన చేతులు కడుక్కోవడానికి ఒసేవె తనే నీళ్ళు పోశాడు. గుమ్మం బయట పడవవాళ్ళంతా, వాళ్ళ వెనక ఒబియెరో. రేకు గోడ పైనుంచి రొజలీడా తల కూడా కనిపిస్తోంది.

సైప్రోసా రెండు చేతులతో పళ్ళెం పట్టుకొచ్చి అతిథి ముందు పెట్టింది. నీలం అంచు తళతళలాడుతోంది. మధ్యలో, ఎర్రటి పులుసు మడుగులో, అరచేయంత చేప. సంకటి వేరే గిన్నెలో పెట్టింది, ఖాళీ కనపడాలని.

ఒసేవె ముఖంలో నెత్తురు చుక్క లేదు. "మా వదినకి పరాచికాలెక్కువండి," అన్నాడు. "వదినా, అసలుది తే."

"పరాచికం కాదండీ," అంది సైప్రోసా అతిథితో. "ఇది మా అత్తగారి నాటి పళ్ళెం. ఇది ఈవేళ్టి చేప. ఇంతకంటే పెద్దది ఇక్కడ ఎవరి వలలోనూ పడదు. ఛైర్మన్ గారి వలలోనూ పడదు, ముసలాయన వల కాల్చినా పడదు."

బయట ఎవరూ నవ్వలేదు. ఎవరూ తల ఊపలేదు కూడా. ఒబియెరో మాత్రం టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

అతిథి ఆ పళ్ళేన్ని కొంతసేపు చూశాడు. తల అటూ ఇటూ తిప్పాడు. తర్వాత సంకటి ముద్ద చేసి, పులుసులో అద్ది, తినడం మొదలుపెట్టాడు. రుచి బాగుందన్నాడు. ఇంకోటి ఉందా అని అడిగాడు. రెండోది తిన్నాడు, మూడోది తిన్నాడు, చేతిరుమాలుతో మూతి తుడుచుకుని కారెక్కాడు.

మర్నాడు హోటలు మూయించడానికి మనుషులు వస్తారని సైప్రోసా గిన్నెలన్నీ తోమి మూటలు కట్టి కూర్చుంది. మధ్యాహ్నమయ్యేసరికి ఒసేవె ఒక్కడే వచ్చి తన చోట తను కూర్చున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"వదినా, నీ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవాలి," అన్నాడు. "ఐసు యంత్రం ఖాయం. ఆ పళ్ళెం చూసి ఆయన మనసు కరిగిపోయింది. ఇంత దరిద్రం ఏ ఒడ్డునా చూడలేదు, వీళ్ళకే ముందు ఇవ్వాలి అన్నాడట. నేను పదేళ్ళు మాట్లాడినా రానిది నీ ఖాళీ పళ్ళెం తెచ్చింది. మూటలెందుకు కట్టావ్? విప్పు, విప్పు."

సైప్రోసా అతని నోటివైపు చూస్తూ ఉండిపోయింది. ఉమ్మిన ఉమ్మిని కూడా నెయ్యిగా అద్దుకుని తినే నోరు అది. ఏ నీళ్ళల్లో వదిలినా బతుకుతుంది.

"యంత్రం బిగించే రోజు ఆయన మళ్ళీ వస్తాడు," అన్నాడు ఒసేవె. "ఈసారి ఉత్సవం. దరిద్రం చూపిస్తే బాగోదు. ఆ గుంటలో చేపని వెనక్కి వదిలావట, తెలిసింది. పోన్లే. అంతటివి ఇంకా నాలుగున్నాయిగా. నాలుగూ వండేద్దాం."

"నా పొయ్యి మీద ఆ చేప ఎక్కదు."

"స్థలం కాగితం..."

"కాగితం నీ దగ్గరే ఉంచుకో. మూటలు కట్టే ఉన్నాయి."

ఒసేవె నవ్వాడు. చిన్నపిల్లని చూసి నవ్వినట్టు. "ఒడ్డున పొయ్యి నీదొక్కటేనా వదినా," అని రేకు గోడ వైపు గొంతు పెంచాడు. "ఏం రొజలీడా వదినా, నువ్వు వండవూ? పెద్దమ్మ పళ్ళెం నీ దగ్గర కూడా ఉందిగా."

గోడ అవతల చేప పొలుసు తీస్తున్న చప్పుడు ఆగింది. మేకు మీంచి ఏదో దించిన చప్పుడు. గోనెల కింద ఏదో బరువైనది తోసిన చప్పుడు. తర్వాత రొజలీడా గొంతు, నిదానంగా.

"నా దగ్గర అంత పళ్ళెం లేదు మరిదీ."

"నిన్నటిదాకా గోడకి వేలాడిందిగా?"

"చెప్పాగా, లేదు. నమ్మకం లేకపోతే వచ్చి చూసుకో. కత్తి చేతిలో ఉంది, చూసుకుని రా."

మళ్ళీ పొలుసు తీస్తున్న చప్పుడు మొదలైంది.

ఒసేవె లేవలేదు. తిండికి వచ్చినవాడు కాబట్టి తినే పోవాలి. సైప్రోసా ఒక మూట విప్పి, హోటలు కొత్తలో కొన్న పెద్ద పళ్ళేల్లో ఒకటి తీసి, చేప వండి, సంకటితో పెట్టి తెచ్చింది. అతను దాన్ని వెనక్కి తోయలేదు. సంకటి ముద్దని ఖాళీ మీదికి జరిపి, చేత్తో పరిచి, అంచు దాకా కప్పి, తలెత్తకుండా తిన్నాడు.

పొద్దు వాలాక ఆమె తవుడు సంచి ఎత్తుకుని వెనక దారిన గుంటల దగ్గరికి వెళ్ళింది. కాగితం సంగతి అతను ఏం చేస్తాడో తెలియదు. మూటల్లో ఒక్కటే విప్పింది, మిగతావి అలాగే ఉన్నాయి. నాలియాకా కంచె దగ్గర కొత్త తాళం బిగిస్తోంది. ఆమెను చూసి డబ్బుల కోసం జేబులో చెయ్యి పెట్టబోయింది.

"ఉంచుకో," అంది సైప్రోసా. సంచితోనే రెండో గుంట గట్టు మీదికి ఎక్కింది.

లోతు తక్కువ ఉన్నచోట తల్లి చేప ఉంది. రెక్క మీద కత్తిరించిన గుర్తు. చుట్టూ ఆవాల మబ్బు. సైప్రోసా నీడ గట్టు మీంచి జారి నీళ్ళల్లో పడింది. మబ్బు ఒక్కసారిగా నోట్లోకి పోయింది, నోరు మూసుకుంది.

ఆమె అక్కడే నిలబడి చూసింది. చేప కదల్లేదు, నోరు తెరవలేదు. సరస్సులో మనిషి నీడ తగలని చోటు లేదు. ఇక్కడా తగిలింది. సైప్రోసా సంచి కింద పెట్టి, చప్పుడు కాకుండా గట్టు దిగి, గుంట చుట్టూ తిరిగి వచ్చి ఎండకి ఎదురుగా కూర్చుంది. ఇప్పుడు నీడ ఆమె వెనక గడ్డి మీద పడింది.

చాలాసేపటికి చేప నోరు తెరిచింది.